పద్మనాభం దావాదారుల చెవిన పడే తప్పుడు సలహాలు

పద్మనాభం మండలంలో పొలం తగాదా మొదలైతే, వకీలు గడప తొక్కేలోపే పదిమంది సలహాదారులు తయారవుతారు. “మావా, నా మాట విను, ఆ కోర్టు సంగతి నాకు తెలుసు” అనేవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. ఒకప్పుడు తమ కేసు కోసం భీమిలికో విశాఖకో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లే. కానీ వాళ్లు తిరిగిన కోర్టు వేరు, ఇప్పటి కోర్టు వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిదే. అయినా 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు, ఆ తర్వాతి సుప్రీంకోర్టు తీర్పులు, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం, ఈ-కోర్టుల వ్యవస్థ అన్నీ కలిసి దావా నడిచే తీరును మార్చేశాయి. పాత సలహా నమ్ముకుని మంచి కేసును పాడుచేసుకున్న మనుషులను చూస్తూ ఊరుకోవడం కష్టం. అందుకే ఆ సలహాలను ఇక్కడ రాసి, ఎందుకు వినకూడదో చెబుతున్నాను.

ఇక్కడి భూమికి కాగితాల చరిత్ర చాలా వెనక్కి పోతుంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి పూసపాటి విజయరామరాజు నేలకొరిగింది ఈ పద్మనాభంలోనే. ఆ గొడవ మూలం కూడా పేష్కష్ (కప్పం) బకాయిలే. తర్వాత జమీందారీ సాగింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో అది పోయి రైత్వారీ పట్టాలు వచ్చాయి. తాతల చేతిలోని ఆ సెటిల్‌మెంటు కాగితాలే ఇప్పటికీ హక్కుకు మూలం. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని చుట్టుపక్కల ధరలు పెరిగేసరికి నిన్నటి జీడితోట ఇవాళ వెంచర్ అయింది. సెంటు భూమి కూడా తగాదాకు తగినదే అయింది. ఈ పరిస్థితిలో చెడ్డ సలహా ఖరీదు చాలా ఎక్కువ.

“ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడట. కోర్టుకెక్కకు”

ఈ సామెతంత నష్టం చేసిన సలహా ఇంకొకటి లేదు. దీన్ని నమ్మి మనవాళ్లు పెద్దమనుషుల దగ్గర కూర్చుంటారు. ఈ సంక్రాంతి, వచ్చే ఉగాది అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. పంచాయితీ నడుస్తున్నంత కాలం కాలపరిమితి ఆగి ఉంటుందని వాళ్ల నమ్మకం. అది ఆగదు.

ఒక్క ఉదాహరణ చూడండి. మీ జిరాయితీ పొలంలో ఉన్న మిమ్మల్ని పక్కవాడు బలవంతంగా వెళ్లగొట్టాడనుకోండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న విచారణే అక్కర్లేదు. నిన్నటిదాకా స్వాధీనంలో ఉన్నది మీరేనని, చట్టపద్ధతి లేకుండా తోసేశారని రుజువు చేస్తే చాలు, స్వాధీనం తిరిగి వస్తుంది. ఆ డిక్రీ మీద అప్పీలు కూడా లేదు. పేదరైతుకు ఇంతకన్నా దగ్గరి దారి సివిల్ చట్టంలో కనపడదు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా వేయడానికి లేదు. ఆ ఆరు నెలలూ రచ్చబండ దగ్గర గడిచిపోతే, ఇక హక్కు నిరూపించుకుని స్వాధీనం కోరే పెద్ద దావాయే గతి. దానికి పన్నెండేళ్ల గడువు ఉంది నిజమే. కానీ ఆ లోపు అవతలివాడు బోరు వేస్తాడు, షెడ్డు కడతాడు, ఇంకొకడికి అమ్ముతాడు.

కొనుగోలు అగ్రిమెంటుకు గడువు మూడేళ్లు. రిజిస్ట్రేషన్‌కు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, రాసుకోకపోతే అవతలివాడు చేయనన్నాడని తెలిసిన రోజు నుంచి లెక్క. ప్రామిసరీ నోటుకూ మూడేళ్లే. నోటు వెనక చెల్లు రాయించుకునేవాళ్లు, అప్పు తీసుకున్నవాడి చేతిరాత గానీ సంతకం గానీ ఉండేలా, మూడేళ్లు నిండకముందే రాయించుకోవాలి. మాట్లాడుకోండి, తప్పు లేదు. తేదీని మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని మాట్లాడుకోండి.

“ఉత్త ఇంజంక్షన్ వెయ్యి, స్టాంపు కలిసొస్తుంది”

హక్కు ప్రకటన కోరితే ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. శాశ్వత ఇంజంక్షన్ ఒక్కటే కోరితే ఖర్చు తక్కువ. అందుకని, “నా స్వాధీనంలో జోక్యం చేసుకోవద్దని చెప్పండి చాలు” అని దావా వేయించే సలహాదారులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దీని ఫలితం ఏమిటో మన తెలుగునేల మీది కేసే చెప్పింది. వరంగల్ మట్టెవాడలోని స్థలాల మీద 1970లలో మొదలైన ఇంజంక్షన్ దావా అన్ని మెట్లూ ఎక్కి 2008 మార్చిలో సుప్రీంకోర్టులో తేలింది. అదే అనాతుల సుధాకర్ కేసు. ప్రతివాది కూడా దస్తావేజు చూపిస్తూ భూమి నాదేనంటున్నప్పుడు, వాది హక్కు మీద నిజంగానే మబ్బు కమ్మినప్పుడు, ఉత్త ఇంజంక్షన్ దావా నిలవదని కోర్టు అందులో తేల్చి చెప్పింది. అలాంటప్పుడు హక్కు ప్రకటన కోరాలి. స్వాధీనం కూడా పోయి ఉంటే దాన్నీ కోరాలి. దాదాపు మూడు దశాబ్దాలు నడిచాక వాదులకు దక్కిందల్లా కావాలంటే హక్కు కోసం వేరే దావా వేసుకోవచ్చన్న మాట. ఇప్పుడు దేశంలో ఏ మూల ఇంజంక్షన్ దావా నడిచినా ఈ తీర్పును ఉదహరిస్తారు. అలాంటి తీర్పు మన దగ్గరే పుట్టినా, మన ఊళ్లలో ఇంకా పాత సలహాయే నడుస్తోంది.

ఇదే చోట ఇంకో పొదుపు కూడా చేస్తారు, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. దావా చివర ఆస్తి వివరాల షెడ్యూలు ఉంటుంది. దాన్ని 1970ల నాటి అమ్మకపు దస్తావేజు నుంచి ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు. తూర్పున ఫలానా అప్పన్న పొలం, దక్షిణాన గెడ్డ, పడమర బండిదారి, ఉత్తరాన ఫలానావారి జీడితోట. అప్పన్న పోయి ఇరవై ఏళ్లయింది, ఆయన పొలం ముగ్గురి చేతులు మారింది. గెడ్డ పూడిపోయింది. బండిదారి ముప్పై అడుగుల లేఅవుట్ రోడ్డయింది. అడ్వకేట్ కమిషనర్, మండల సర్వేయర్ గొలుసు పట్టుకుని వస్తే షెడ్యూలుకూ నేలకూ ఎక్కడా పొంతన కుదరదు. సర్వేయర్ సబ్‌డివిజన్ నంబరు అడుగుతాడు, దావాలో మొత్తం సర్వే నంబరే ఉంటుంది. భూమిని గుర్తుపట్టగలిగేలా హద్దులైనా, సర్వే నంబర్లైనా దావాలో రాయాలని కోడ్ ఏడవ ఆర్డర్ మూడో రూల్ చెబుతోంది. కాబట్టి దావా వేయకముందే ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు తీసుకోండి, కొలతలు వేయించుకోండి, పాత హద్దులతోపాటు ఇవాళ్టి హద్దులూ రాయించండి. ఈ పని చేయించడానికి అయ్యే ఖర్చు ఒక్క వాయిదా ఖర్చును మించదు. షెడ్యూలు తప్పయితే గెలిచినా డిక్రీ అమలు కాదు.

విచారణ మొదలయ్యాక సవరించుకుందాంలే అంటారు. 2002 సవరణ తర్వాత, ముందే ఎందుకు అడగలేకపోయారో కోర్టును ఒప్పించాలి.

“సమన్లు తీసుకోకు. తీసుకున్నా వాయిదాలు లాగు”

కోర్టు అమీనా వస్తే తలుపు వేసుకోవడం, పోస్టుమాన్‌తో ఊళ్లో లేరని చెప్పించడం కొందరికి తెలివిగా కనిపిస్తుంది. తీసుకోనన్నారని కవరు మీద రాసి తిప్పి పంపితే, సమన్లు అందినట్టే కోర్టు భావిస్తుంది. తలుపుకు అంటించినా, కోర్టు ఆదేశం మీద పత్రికలో ప్రకటన ఇచ్చినా అంతే. కరోనా కాలంలో, 2020 జూలైలో, ఈమెయిల్, వాట్సాప్ ద్వారా కూడా నోటీసులు పంపవచ్చని సుప్రీంకోర్టు అనుమతించింది. మీరు తలుపు వేసుకుని కూర్చుంటే అక్కడ మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. దాన్ని రద్దు చేయించుకోవడానికి గడువు ముప్పై రోజులు. సమన్లు సరిగా అందలేదని నిరూపించగలిగితేనే మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. పైగా మీ ఆలస్యానికి ఖర్చులు కట్టాలి, కోర్టు ముందు నమ్మకం పోగొట్టుకోవాలి.

రాతపూర్వక జవాబు సంగతీ ఇంతే. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, కోర్టు తొంభై రోజుల దాకా పొడిగించవచ్చు. మామూలు సివిల్ కోర్టుల్లో ఆ తర్వాత కూడా బలమైన కారణం ఉంటే తీసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు అంది. కమర్షియల్ కేసుల్లో మాత్రం నూట ఇరవై రోజులు దాటితే జవాబు చెప్పే హక్కే పోతుంది. కమర్షియల్ అనగానే పెద్ద కంపెనీల గొడవ అనుకోవద్దు. 2018 సవరణతో ఆ హద్దు కోటి రూపాయల నుంచి మూడు లక్షలకు దిగింది. వ్యాపార గోదాము అద్దె, సరుకు సరఫరా బకాయి, భాగస్వామ్య లెక్కలు దాని కిందకు రావచ్చు. విశాఖలో దీనికి ప్రత్యేక కోర్టే ఉంది. అక్కడ అత్యవసర ఉత్తర్వు కోరనప్పుడు, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. వెళ్లకుండా వేస్తే దావాను తిరస్కరించాల్సిందేనని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వాయిదాలు లాగడం ప్రతివాదికి లాభమని ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదన్నది కోడ్‌లోని మాట. అది అన్నిచోట్లా పాటించడం లేదని నాకూ తెలుసు. అయినా వాయిదాల చరిత్ర ఇప్పుడు ఈ-కోర్టుల్లో నమోదవుతోంది. పదహారు అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు కొట్టి ఏ వాయిదాలో ఏం జరిగిందో అవతలివాళ్లు ఫోనులోనే చూసుకుంటున్నారు. రేపు అప్పీల్లో మీ ఆలస్యాల పట్టిక అచ్చయి మీ ముందుకే వస్తుంది. మీ కేసు నంబరు మీరూ దగ్గర పెట్టుకోండి. “గుమస్తా చెప్తాడులే” అని కూర్చుంటే వాయిదా తేదీ మీకు ఆఖరున తెలుస్తుంది.

మీ మీద ఎవరైనా హఠాత్తుగా ఇంజంక్షన్ తెచ్చుకుంటారని అనుమానం ఉంటే దాక్కోవద్దు. కేవియట్ వేయండి. తొంభై రోజుల పాటు మీకు చెప్పకుండా ఉత్తర్వు రావడం కష్టమవుతుంది.

“సంతకం పెట్టు, సాక్ష్యం సంగతి వకీలు చూసుకుంటాడు”

ఇది వింటే నాకు కోపం వస్తుంది. 2002 నుంచి సాక్షి ముఖ్య సాక్ష్యాన్ని ప్రమాణపత్రంగా రాసి దాఖలు చేస్తున్నాం. పొలం దున్నే మనిషి, బతుకంతా తెలుగులో బతికిన మనిషి, ఇంగ్లీషులో పది పేజీల చీఫ్ అఫిడవిట్ మీద సంతకం పెడతాడు. దావాలోని పేరాలే అందులోకి ఎక్కుతాయి. క్రాస్ ఎగ్జామినేషన్ రోజు అవతలి వకీలు ఒకే ఒక ప్రశ్న వేస్తాడు. “మీ ప్రమాణపత్రంలో ఏముందో చెప్పండి.” సాక్షి తన వకీలు వైపు చూస్తాడు. “నాకు తెలీదండి, పెట్టమంటే పెట్టాను” అంటాడు. ఆ వాక్యం రికార్డుకెక్కుతుంది. నలభై ఏళ్లు ఆ భూమిలో చెమటోడ్చిన మనిషి చెప్పిన మాటకు విలువ అక్కడితో సగం పోతుంది. అతడి తప్పు ఏమీ లేదు. చదివి వినిపించనివాళ్లదే తప్పు.

మన రాష్ట్రంలో కింది కోర్టుల్లో తెలుగు వాడవచ్చు. అఫిడవిట్ తెలుగులో రాయమని అడగండి. కుదరదంటే, ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెడతానని చెప్పండి. ఏ దస్తావేజు ఎప్పటిది, ఎవరి దగ్గర ఉంది, ఎవరు సాక్షి సంతకం పెట్టారు, శిస్తు రశీదులు ఏ ఏళ్లవి ఉన్నాయి అన్నది సాక్షికి సొంతంగా తెలిసి ఉండాలి. తెలియనిది తెలియదని చెప్పమనండి. కట్టుకథ నేర్పించి పంపితే క్రాస్‌లో అది మొదటి పది నిమిషాల్లోనే విడిపోతుంది. వీలునామా ఉన్న కేసుల్లో సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో బతికున్నవాళ్ల వయసు చూసుకోండి, వాళ్ల సాక్ష్యం ముందుగా తీసుకోమని కోర్టును అడగవచ్చు.

“ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా, ప్రింటు తీసి పెట్టు” అనేది దీని తమ్ముడి లాంటి సలహా. అడ్వాన్సు ఇచ్చానని, మిగతాది సిద్ధంగా ఉందని వాట్సాప్‌లో సాగిన మాటలు కొనుగోలు దావాల్లో ప్రాణం లాంటివి. కొత్త భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద వాటికి ధ్రువపత్రం జతచేయాలి. మొదటి భాగం ఫోను మీద అధికారం ఉన్నవాళ్లు, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. ఉత్త స్క్రీన్‌షాట్‌కు ఈ బలం లేదు. పండగ ఆఫరుకు పాత ఫోను ఇచ్చేసి కొత్తది కొన్నాక ఈ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు. దావా తేలేదాకా ఆ ఫోను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. ఆ చాట్‌ను తొలగించవద్దు.

“ఆడపిల్లల పేర్లు ఎందుకు కలపడం”

పెళ్లిళ్లయి వెళ్లిపోయారు కదా అని అన్నదమ్ములు తమలో తామే భాగపరిష్కారం దావా నడుపుకుంటారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అయితే అది అప్పటికి పెళ్లికానివారికే. కేంద్ర చట్టం 2005లో ఆ షరతు తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలకు మాత్రం రక్షణ ఉంది. అక్కచెల్లెళ్లను పార్టీలుగా చేర్చని భాగపు దావా తేలినా మళ్లీ తిరగబడుతుంది. చేర్చండి, వాళ్ల వాటా వాళ్లకు రాయండి. ఇది చట్టం, న్యాయం కూడా. ప్రాథమిక డిక్రీ వచ్చాక మళ్లీ మీరు అర్జీ పెట్టేదాకా ఆగకుండా, తుది డిక్రీ దిశగా కోర్టే కేసును నడపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వకీలుకు ఆ సంగతి గుర్తుచేయండి.

పాస్‌బుక్‌లో పేరు ఎక్కితే భూమి సొంతమైపోయిందన్న మరో సలహానూ నమ్మవద్దు. రికార్డులు ఎలా తారుమారవుతాయో విశాఖ జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు, 2017లో దాని మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే వేయాల్సి వచ్చింది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద కొన్నామనేవాళ్లకు 2011 నాటి సూరజ్ ల్యాంప్ తీర్పు ఉంది. అలా కొంటే హక్కు రాదు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్) భూమిని, వాటి బదిలీపై ఉన్న 1977 చట్టం చూడకుండా ముట్టుకోవద్దు. కేసులో ఉన్న భూమి చవగ్గా వస్తుందని కొనేవాళ్లు ఆ కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో ఆ దావా కనిపించకపోవచ్చు. అమ్మేవాడి పేరుతో ఈ-కోర్టుల్లో వెతకండి. పోలీస్‌ స్టేషన్‌లో సెటిల్ చేయించుకుందామన్న సలహా గురించి ఎక్కువ చెప్పను. సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మారుస్తున్నారని 2025 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పోలీసుల మీద సుప్రీంకోర్టు ఎంత మండిపడిందో పేపర్లలో వచ్చింది.

“రాజీకి ఒప్పుకుంటే లొంగిపోయినట్టే”

కాదు. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. 2025 జూలై నుంచి తొంభై రోజుల పాటు దేశమంతా ప్రత్యేక మధ్యవర్తిత్వ కార్యక్రమం నడిపారు. అన్నదమ్ముల గట్టు తగాదాకు ఇది మంచి దారి. అయితే దీని పక్కనే ఇంకో తప్పుడు సలహా ఉంటుంది, “ఏదో ఒకటి రాసి సంతకం పెట్టేద్దాం” అని. రాజీ మీద డిక్రీ అయ్యాక, ఆ రాజీ చెల్లదంటూ వేరే దావా వేయడానికి కోడ్ ఒప్పుకోదు. మైనర్ పిల్లల వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా చేసిన రాజీ నిలవదు. దావాలో లేని భూమిని రాజీలో కలిపితే రిజిస్ట్రేషన్ కావాలి. కొలతలు, దారి హక్కు, బోరు నీళ్లు, చెట్లు ఎవరివో అన్నీ రాసుకున్నాకే సంతకం. డబ్బు లేక భయపడి లొంగవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి.

“డిక్రీ వచ్చిందిగా, ఇంక నిదానంగా చూసుకో”

డిక్రీ కాగితం పెట్టెలో దాచుకుని ఊరుకునేవాళ్లు చాలామంది. స్వాధీనం డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువు ఉందన్న ధైర్యం అది. కట్టడం తీసేయమనే మాండేటరీ ఇంజంక్షన్ అయితే గడువు మూడేళ్లే. డిక్రీ అమలు పిటిషన్లు (ఈపీలు) ఆరు నెలల్లో తేల్చాలని 2021 ఏప్రిల్‌లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 మార్చిలో పెరియమ్మాళ్ కేసులో మళ్లీ అదే చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులో లెక్క తీస్తే దేశంలో 8.82 లక్షలకు పైగా ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయి. ఇంత చెప్పినా అన్ని లక్షలమంది గెలిచి కూడా భూమి ముట్టుకోలేకపోవడం సిగ్గుచేటు. అది కోర్టులు తీర్చాల్సిన బాకీ. మన చేతిలో ఉన్నది ఆలస్యం చేయకపోవడమే.

అప్పీల్లో స్టే రాకపోతే వెంటనే ఈపీ వేయండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, స్టే విడిగా తెచ్చుకోవాలి. మధ్యలో మూడో మనిషి వచ్చి భూమి నాదని అడ్డుపడితే భయపడి వేరే దావాకు పరుగెత్తవద్దు, ఆ అభ్యంతరాన్ని అదే ఈపీలో తేల్చాలి. అమీనా స్వాధీనం అప్పగించే రోజు సర్వేయర్‌ను రప్పించమని ముందే అర్జీ పెట్టండి. గొడవ జరుగుతుందనుకుంటే పోలీసు సాయం కూడా అడగండి. హద్దులు చూపించి రాళ్లు పాతించుకుని, డెలివరీ రశీదు నకలుకు అదే వారం కాపీ అప్లికేషన్ వేయండి. ఆ నకలు, డిక్రీ నకలు తీసుకుని పద్మనాభం తహసీల్దార్ కార్యాలయంలో మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టండి. రశీదు నంబరు తీసుకోకుండా అక్కడి నుంచి కదలకండి.